కొవ్వూరు మాస్టారి క్యాప్

మా పళ్ళ క్లినిక్ ఫోను ఇంటికి తెచ్చుకోవద్దని ఈయన ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. ఇవాళ తెచ్చుకున్నాను. భోజనాలయ్యాక కాల్ లాగ్ తెరిచి చూస్తే సాయంత్రమంతా ఎర్ర రంగే, మిస్డ్ కాల్స్ మీద మిస్డ్ కాల్స్, కొన్ని నంబర్ల నుంచి రెండేసి మూడేసి సార్లు. కిందకి జరుపుకుంటూ పోతే మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, పంటి క్యాప్ కోసం రావాల్సిన కొవ్వూరు మాస్టారి నంబరు. బస్సెక్కే ముందు "క్యాప్ వచ్చిందా అమ్మా, రమ్మంటారా" అని అడుగుదామనే చేసుంటారు పాపం. ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే ఏముందిలే, రమ్మన్న రోజే కదా అనుకుని గోదావరి దాటి రాజమండ్రి వచ్చేశారు. వస్తే క్యాప్ లేదు.

అసలు ఒళ్ళు మండింది ఎక్కడంటే, లేదన్న సంగతి ఆయన్ని గంటసేపు బయట కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, కుర్చీ వాల్చి, మెడకి బిబ్ కట్టాక తెలిసింది. నేను చెయ్యి చాపాను. మా అసిస్టెంటు బుజ్జి, క్యాపులు చేసే ల్యాబ్ నుంచి వచ్చిన డబ్బాలన్నీ తిరగేసింది, పైవి కిందకీ కిందవి పైకీ, మళ్ళీ మొదటినుంచీ. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "రేపు కొరియర్‌లో వేసేస్తాం మేడమ్" అన్నాడు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. మాస్టారేమో లేచి కూర్చుని బిబ్ ఆయనే విప్పుకుని, మడతపెట్టి నా చేతికిచ్చి "పర్లేదమ్మా, ఆదివారం మా మనవడి బండి మీద వస్తాలే" అన్నారు. నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టినవాళ్ళ మీద మనకీ కాస్త కోపం వస్తుంది, లెక్క సరిపోతుంది. మాస్టారు అలా అనేసి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు, నేనిలా కూర్చున్నాను.

పైగా అది ఒట్టి తిప్పట కాదు. కింద దవడ పన్ను, రూట్ కెనాల్ అయింది, క్యాప్ కోసం చుట్టూ అరగదీసి ఉంది. పైన తాత్కాలికంగా పెట్టిన క్యాప్ మెత్తటి సిమెంటుతో నిలబడుంది, అది ఏ జంతికో కొరికితే ఊడి వస్తుంది. ఊడిపోయి కొన్నాళ్ళు అలా వదిలేస్తే పక్క పళ్ళు అటు వాలతాయి, పై పన్ను కొద్దిగా దిగుతుంది, అప్పుడు పాత కొలతలకి చేసిన క్యాప్ కూర్చోదు. మళ్ళీ కొలతలు, మళ్ళీ ల్యాబ్, మళ్ళీ కొవ్వూరు బస్సు. ఇదంతా చెప్పి ఆయన్ని భయపెట్టలేదు. ఎడమవైపు నమలండి మాస్టారూ అన్నాను, అంతే.

సరే, ఒంటిగంటన్నరకి ఫోను ఎందుకెత్తలేదు? నాకు తెలుసు. ఆ టైములో నేను ఒకబ్బాయి జ్ఞానదంతం తీస్తున్నాను, కింద దవడది, అడ్డంగా ఉన్నది. బుజ్జి ఒక చేత్తో రక్తం లాగేసే సక్షన్ గొట్టం పట్టుకుంది, రెండో చేత్తో చెంప లాగి పట్టుకుంది. ఫోను మోగింది. గ్లవ్స్‌తో ఫోను ముట్టుకుంటే గ్లవ్స్ మార్చాలి, మార్చడానికి కదిలితే సక్షన్ వదలాలి, సక్షన్ వదిలితే రక్తంలో నాకు ఏమీ కనపడదు. మోగి మోగి ఆగింది. ఇద్దరం విన్నాం, ఇద్దరం ఏమీ అనలేదు.

కాలేజీలో ఫోర్ హ్యాండెడ్ డెంటిస్ట్రీ అని నేర్పారు. డాక్టరు చేతులు రెండు, అసిస్టెంటు చేతులు రెండు, నాలుగూ ఒకే నోటి దగ్గర ఉండాలి, డాక్టరు తల తిప్పకుండా పని సాగాలి. బాగానే ఉంది. ఆ టైములో గంట మోగితే వెళ్ళే అయిదో చెయ్యి ఎవరిదో ఎవరూ చెప్పలేదు. ఫైనలియర్‌లో ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్ అని ఒక చిన్న చాప్టర్ ఉండేది, షార్ట్ నోట్ వస్తుందేమోనని చదివి పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చాం.

మా బుజ్జి చేసే పనులు ఇవాళ కూర్చుని రాసుకున్నాను, ఈయనకి చూపిద్దామని. ఫోను, అపాయింట్‌మెంట్ పుస్తకం, డబ్బులు, రసీదు, సౌండ్‌బాక్స్ అరవకపోతే "వచ్చాయా రాలేదా" అన్న పంచాయితీ. ఇటు లోపల సక్షన్, సిమెంటు కలపడం, పళ్ళ కొలతలు తీసే పిండి కలపడం (అది రెండు మూడు నిమిషాల్లో గట్టిపడుతుంది, మధ్యలో ఎవరొచ్చి పిలిచినా ఆగదు). వాడిన సామాను బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, కవర్లలో సీల్ చేసి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టడం. 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలంటారు గానీ, వేడెక్కడం, చల్లారడం, ఆరడం కలిపితే గంట దగ్గరకి పోతుంది. ఇక చెత్త. రక్తం దూదీ, పీకిన పళ్ళూ పసుప్పచ్చ కవరులో, గ్లవ్స్ ఎర్ర కవరులో, సూదులు తెల్ల డబ్బాలో. 2016 రూల్స్ వచ్చాక ఆ రంగులు తారుమారైతే తీసుకెళ్ళేవాడు ఊరుకోడు. ఇన్ని చేస్తూ కొరియర్‌లో ఏ క్యాప్ వచ్చింది, ఏది రాలేదు, రేపు ఎవరిది పెట్టాలి అన్నది చూసుకోవడానికి ఆ పిల్లకి ఖాళీ ఎప్పుడు? ముందురోజు సాయంత్రం పుస్తకం తెరిచి పేర్లూ డబ్బాలూ పోల్చి చూసి, లేనివాళ్ళకి ఒక్క ఫోను. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు మా దగ్గర లేవు.

ఈయన చదివి, "సాఫ్ట్‌వేర్ పెట్టు" అన్నారు. ఎదురుచూస్తున్న మాటే. బ్యాంకులో టోకెన్ మిషన్ వచ్చాక కౌంటర్ దగ్గర తోపులాట తగ్గిందట, ఆ సంగతి మా పెళ్ళినాటి నుంచీ వింటున్నాను. జనం వాళ్ళే టైము బుక్ చేసుకుంటారు, ముందురోజు వాట్సాప్‌లో గుర్తుచేస్తుంది, ఫోనెత్తకపోతే దానంతటదే మెసేజ్ వెళుతుంది, నెలకింత కడితే చాలు. నేనూ సరే అన్నాను. నిజంగానే అన్నాను. రేపు డెమోకి రమ్మని చెప్పండి అన్నాను. చిన్నాడు కూడా "అమ్మా ఫైనల్లీ" అన్నాడు.

ఆ తర్వాత గిన్నెలు సర్దుతుంటే మా ఊరి కాంపౌండరు గారు గుర్తొచ్చారు, ఎందుకో.

ఆయన గురించి ఇక్కడ ఎప్పుడూ రాయలేదనుకుంటా. మా ఊళ్ళో డాక్టరుగారి ఆసుపత్రి అంటే రెండు గదులూ ఒక అరుగూ. గదికీ అరుగుకీ మధ్య ఒక చెక్క కిటికీ, కిటికీ వెనక కాంపౌండరు గారు, బట్టతల, చెవి మీద పెన్సిలు. ఎర్ర మిక్చర్ సీసాలో పోసి, సీసా పక్కన కాగితం ముక్క అంటించేవారు. ఆ కాగితాన్ని మడతపెట్టి కత్తెరతో అంచులు పళ్ళుపళ్ళుగా కత్తిరించేవారు, ఒక్కో పన్ను ఒక్కో డోసు. అది కత్తిరించడం చూడ్డానికే నేను ఆయన కిటికీ దగ్గర నిలబడేదాన్ని. అట్టముక్కల మీద నంబర్లు రాసి ఇచ్చేవారు, కానీ ఆ నంబర్ల ప్రకారం పంపడం నేనైతే చూడలేదు. "ఇదిగో, పసిపిల్లండీ, ఒళ్ళు కాలిపోతోంది, ముందు పంపుతున్నా" అని అరుగంతా వినపడేలా చెప్పి మరీ పంపేవారు. చెప్పి పంపుతారు కాబట్టి ఎవరూ గొడవపడేవాళ్ళు కాదు. చెప్పకుండా వెనక తలుపులోంచి పంపితేనే కదా జనానికి మంట.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు పన్ను నొప్పి. మా అమ్మ తీసుకెళ్ళింది. అరుగు నిండా జనం. కిటికీలోంచి ఆయన నన్ను చూశారు, నన్నేమీ అడగలేదు, అమ్మని అడిగారు: "రాత్రి నిద్రపోయిందా అమ్మా?" లేదండీ, తెల్లార్లూ ఏడుస్తూనే ఉంది అంది అమ్మ. "చల్లనీళ్ళు తాగితే వెంటనే తగ్గుతోందా, చాలాసేపు లాగుతోందా?" చాలాసేపండీ. అంతే, లవంగ నూనెలో దూది ముంచి పంట్లో పెట్టి, వీళ్ళని ముందు పంపుతున్నానండీ అని కేకేసి లోపలికి పంపారు. డాక్టరుగారు చూసి, పట్నం తీసుకెళ్ళమని రాసిచ్చారు, అది వేరే కథ.

ఇప్పుడు నేను కుర్చీలో కూర్చోబెట్టి అడిగేవీ అవే రెండు ప్రశ్నలు. రాత్రి నిద్ర లేపే నొప్పి, చల్లటిది తగిలాక చాలాసేపు వదలని నొప్పి, అంటే లోపల నరం దెబ్బతిన్నట్టే లెక్క, సిమెంటు పెట్టి పంపితే తగ్గదు, రూట్ కెనాల్ మొదలుపెట్టాలి, ముప్పావుగంట. చల్లటిది తగిలి వెంటనే పోయే జివ్వుమనడమైతే తరచుగా చిన్న పనితో పోతుంది. పదిహేను నిమిషాల పనికీ ముప్పావుగంట పనికీ మధ్య తేడా ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది, అవి ఆయన కిటికీ దగ్గరే అడిగేశారు. దానికి తోడు వాపు ఉందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా అని ఇంకో రెండు అడిగితే చాలు, నా సాయంత్రం మొత్తం ఓ దారిన పడుతుంది. ఎవరికి ఎంత టైము రాయాలో ఫోనులోనే తేలిపోతుంది. ఈయన చూపించిన సాఫ్ట్‌వేర్‌లో "సేవను ఎంచుకోండి" అని ఉంది. అందరూ కన్సల్టేషనే నొక్కుతారు. అందరికీ పదిహేను నిమిషాల టైమే రాస్తుంది. ఏడున్నరకి మళ్ళీ బెంచీలు నిండుతాయి.

కాబట్టి డెమో వద్దనుకున్నాను. కాదు, పూర్తిగా వద్దని కాదు. ముందురోజు మెసేజ్ పెట్టే వరకు పనికొస్తుంది, వీకెండుకి హైదరాబాదు నుంచి వచ్చే పిల్లలకి అదే కావాలి. డిసెంబరులో అమెరికా నుంచి దిగి సంక్రాంతిలోపు రెండు రూట్ కెనాళ్ళూ మూడు క్యాపులూ అయిపోవాలనేవాళ్ళకీ అంతే, అర్ధరాత్రి వాట్సాప్ కాల్స్ అయినా తగ్గుతాయి. కానీ మాస్టారు లింకు నొక్కరు. మంగళవారం పన్ను తీయించుకోననీ, అమావాస్య వెళ్ళాక వస్తాననీ చెప్పే మా జనానికి ఒక మనిషి గొంతు కావాలి. ఆ మంగళవారాలు మేం ఖాళీగా ఈగలు తోలుకుంటాం, శనాదివారాలు ఊపిరాడదు, అదింకో తలనొప్పి.

మనిషిని పెట్టుకోవడం మాత్రం తేలికా? డిగ్రీ చదివిన అమ్మాయి, కాస్త ఇంగ్లీషు, కంప్యూటర్ తెలిసినది కావాలని చెప్పి ఉంచాను. వస్తారు, సూది పేరూ మందు పేరూ వచ్చేసరికి పెళ్ళి కుదురుతుంది, లేదా కార్పొరేట్ క్లినిక్కులవాళ్ళు ఎక్కువిచ్చి తీసుకుపోతారు. వాళ్ళని తప్పుపట్టను, నేనైనా పోతాను. మళ్ళీ కొత్తమ్మాయికి పళ్ళు పీకే సామానులో ఫోర్‌సెప్స్ ఏదో ఎలివేటర్ ఏదో మొదటినుంచీ చెప్పుకురావాలి.

ఇవాళ సాయంత్రం బుజ్జి వాళ్ళ పిన్ని వచ్చింది, బుజ్జిని తీసుకెళ్ళడానికి. తాడితోటలో బట్టల కొట్లో చాన్నాళ్ళు చేసింది, మోకాళ్ళ నొప్పులని రోజంతా నిలబడే ఆ పని మానేసింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. వచ్చీరాగానే గోడవారనున్న ముసలావిడ కుర్చీ ఫ్యాను కిందకి జరిపింది. టీవీ సౌండు తగ్గించింది. మాస్టారికి మంచినీళ్ళిచ్చి, "ఇంకా ముగ్గురున్నారండీ మీ ముందు, అరగంట పైనే పడుతుంది, టీ తాగొస్తారా" అంది. ఎవరూ చెప్పమనలేదు. ఆయన వెళ్ళేటప్పుడు నంబరు అడిగి గోడ క్యాలెండరు మీద రాసింది: "మాస్టారు, క్యాప్ రాగానే ఫోను." ఇరవై చీరలు విప్పించి ఏదీ కొనకుండా లేచిపోయేవాళ్ళని నవ్వుతూ సాగనంపిన మనిషికి పన్ను నొప్పివాళ్ళో లెక్కా?

సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా వస్తారా అని అడిగేశాను. కూర్చునే పనేనా అంది. కూర్చునే పనే అన్నాను.

ఈయనకి నచ్చలేదు. ఆవిడకి ఇంగ్లీషు వచ్చా, కంప్యూటర్ వచ్చా అన్నారు. ఫోన్‌పే చూడ్డం వచ్చు, అప్పు ఎవరిది ఎంతో నోటికి వచ్చు, నాలుగు ప్రశ్నలు నేను కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోను పక్కన అంటిస్తాను, ల్యాబ్ డబ్బాలు రోజూ ఏడింటికి చూడమంటాను, ఇంకేం కావాలి? తొమ్మిదయ్యాక సామాను తోమి ఆటోక్లేవ్‌లో పెట్టే పని ఎవరిదన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది బుజ్జి నెత్తినే ఉంది, ఆ పిల్లేమో ఎనిమిదిన్నర నుంచే గడియారం చూస్తుంది.

జీతం కూడా తేలలేదు. పిన్ని అయిదు వేలు అనుకుంటోందట, నేను ఏడు అందామనుకుంటున్నాను. ఈవిడకి ఏడు వేలు ఇస్తే బుజ్జికి ఇచ్చే పదకొండు వేల మీద రెండైనా వెయ్యాలి. రోజంతా ఉండేది ఆ పిల్ల, సాయంత్రం నాలుగు గంటలు కూర్చునేది ఈవిడ. దాచడానికి కూడా లేదు, ఇద్దరూ ఒకే వాటాలో ఉంటారు.