లిఫ్ట్ ఆగిన రోజు

ఇవాళ మధ్యాహ్నం దాకా మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయలేదు. కూరగాయల సంచులు మోసుకుంటూ నాన్న, నేను ఐదో అంతస్తు దాకా మెట్లెక్కాం. మూడో అంతస్తుకే ఇద్దరికీ ఆయాసం. నాన్న రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "ఆక్సిజన్ చాలట్లేదే అమ్మా" అన్నారు.

ఆ మాట నిజమో కాదో చూద్దామని, ఇంట్లోకి రాగానే కరోనా సెకండ్ వేవ్‌లో కొన్న ఆక్సీమీటర్ సొరుగులోంచి తీశాను. బ్యాటరీలు ఇంకా బతికే ఉన్నాయి. నా వేలికి పెడితే పల్స్ 132, ఆక్సిజన్ 98. తర్వాత ఫ్యాన్ కింద తీరిగ్గా కూర్చుని చూసినా ఆక్సిజన్ అదే 98. నాన్నకీ 97 ఉంది. అంటే అంతసేపూ రొప్పింది ఒంట్లో ఆక్సిజన్ అడుగంటి కాదు.

కాళ్ళు పనిలో పడగానే మెదడు ఎవరూ అడక్కుండానే ఊపిరి వేగం పెంచేస్తుంది. కండరాల నుంచీ కబురు అందుతుంది. ఆ పైన లెక్క సరిచూసేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. కండరాలు దాన్ని ఎంత తయారుచేస్తే అంతా బయటికి పంపాలి, లేకపోతే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఒక్కోసారికి అర లీటరు గాలి పీల్చే మనిషి, బాగా కష్టపడితే నిమిషానికి 100 లీటర్లు కూడా దాటించగలడు. గుండె కూడా అంతే. మామూలుగా నిమిషానికి 5 లీటర్ల రక్తం తోసేది, గట్టి వ్యాయామంలో 20 దాకా వెళ్తుంది. అసలు పని మొదలవకముందే కాస్త పరిగెత్తుతుంది కూడా. లిఫ్ట్ మీద అతికించిన కాగితం చూసినప్పుడే నాకు దడ మొదలైందని నా అనుమానం!

చిత్రం నాన్న పల్స్. నాకంటే ఎక్కువ రొప్పారు, తీరా చూస్తే 84. "చూశావా, నాది ఇంకా కుర్ర గుండె!" అని మీసం దువ్వబోయారు. ఆ ఘనత పొద్దున వేసుకునే మెటోప్రొలాల్ బిళ్ళది. అది గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది, అందుకే ఎంత ఎక్కినా పల్స్ ఒక హద్దు దాటి పెరగదు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదే గరిష్ఠ పల్స్ అని జిమ్‌లో చెప్పే లెక్క ఇలాంటి మందులు వాడేవాళ్ళకి పనికిరాదు. మిగతావాళ్ళకి కూడా అది ఉజ్జాయింపే, మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది. వాచీలో ఆ అంకె చూసి టెన్షన్ పడేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

నేనైతే ఎంత పెరిగిందన్న దానికంటే ఎంత త్వరగా దిగిందో చూస్తాను. ఒక్క నిమిషం కూర్చునేసరికి నాది 104కి వచ్చింది. ట్రెడ్‌మిల్ పరీక్షలో డాక్టర్లు కూడా దీన్ని గమనిస్తారు. ఆగాక మొదటి నిమిషంలో పల్స్ 12 కూడా తగ్గకపోతే దాని సంగతి చూడాల్సిందే. రోజూ నడిచేవాళ్ళకి ఇది త్వరగా దిగుతుంది. కొన్ని నెలలు నడిస్తే ఊరికే ఉన్నప్పటి పల్స్ కూడా తగ్గుతుంది, ఎందుకంటే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది.

నాన్న సాయంత్రం నడక ఎంత వేగంగా ఉండాలన్నది వచ్చేవారం డాక్టర్‌నే అడగాలి. ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి నాకు ఫోన్ చేయాలని చెప్పాను, సరేనన్నారు. ఈలోపు పల్స్ చూడకుండా చేసే మాటల పరీక్ష ఒకటుంది. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు, అదే మధ్యస్థ వ్యాయామం. కాకపోతే నాన్నతో అదీ కష్టమే. మూడో అంతస్తు దగ్గర అంత ఆయాసంలో కూడా లిఫ్ట్ మెయింటెనెన్స్ డబ్బులు ఎటుపోతున్నాయో నాకు వివరంగా చెప్పారు.