రాళ్ళచేను గొడవ మళ్ళీ

పన్నెండు దాటినా నిద్ర పట్టట్లేదు. మధ్యాహ్నం బావగారు, "రాళ్ళచేను దున్నించి నేపియర్ గడ్డి వేద్దామమ్మా, గడ్డి నుంచి గ్యాస్ తీసే ప్లాంటు వాళ్ళే కోసుకుపోతారు" అన్నారు. మా ఆయన పెరుగన్నం కలుపుకుంటూ తలూపారు. ఆ తలూపడమే నాకు మరీ మంట.

ఆ వాలులో ఉన్నది జానెడు ఎర్రమట్టి, దాని కింద గరుసు. ఆ జానెడైనా మిగిలిందంటే గడ్డి దుబ్బుల వేళ్ళు పట్టుకోబట్టే. దున్నితే ఒక్క పెద్ద వానకు వాగులో కలుస్తుంది. నేపియర్ ఆఫ్రికా నుంచి వచ్చింది. నెలన్నరకో కోత ఇస్తుంది, నిజమే, కానీ నీళ్ళూ ఎరువూ పెడితేనే. అక్కడ బోరు ఎండిపోయిన సంగతి బావగారికి తెలియదా? మన రెల్లు ఉండగా ఇదెందుకు అని గట్టిగా అనబోయి ఊరుకున్నాను.

సాయంత్రం బస్సులోంచి సీతానగరం దగ్గర రెల్లు పూలు కనిపించాయి. బాగున్నాయి.

సంక్రాంతి వెళ్ళాక తాతయ్య కొల్లిపర లంకల నుంచి బండెడు రెల్లు తెచ్చి గొడ్లపాక కప్పించేవాడు. మోపులు అందించే అమ్మమ్మ చేతులనిండా కోతలు, రాత్రి కొబ్బరినూనె రాసుకునేది. 1918లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రం వాళ్ళు విడుదల చేసిన కో 205 చెరకుకు మొండితనం వచ్చింది ఈ రెల్లుతో కలపబట్టేనని తర్వాతెప్పుడో చదివాను. కానీ అదే రెల్లు పసుపు చేలోకి పాకితే తాతయ్య గునపం పట్టుకుని రోజంతా తవ్వేవాడు. వేరుముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది. రాళ్ళచేలో వేస్తే పక్కవాళ్ళ కంది చేను గతేమిటి?

వట్టివేరు నయం. మన దక్షిణాది రకం విత్తనంతో పాకదు, పిలకలు నాటాల్సిందే. వాలుకు అడ్డంగా వరసలు పెడితే మట్టి ఆగుతుంది. మధ్యలో ఉన్న గడ్డిని ఎండాక ఏడాదికోసారి కోయొచ్చు. ఎండేటప్పుడు గడ్డి తన సత్తువలో కొంత వేళ్ళలోకి దించుకుంటుంది కాబట్టి నేల అంతగా బీదపడదు. గ్యాస్ ప్లాంటుకు పచ్చిగడ్డి కావాలి, ఈ ఎండుగడ్డి బాయిలర్లలో బొగ్గులా కాల్చే గడ్డి ఇటుకల తయారీకి పోతుంది. డబ్బు తక్కువే వస్తుంది, ఒప్పుకుంటాను.

అసలు నేపియర్ మీద నాకు కోపమెందుకు? చెరువు కింది ముక్కలో వేసుకోమనండి, అక్కడ తడి ఉంది, నేనూ సరేనంటాను. పైచేలో మాత్రం నాగలి పెట్టకూడదు. పొద్దున్నే, బావగారు ట్రాక్టర్ మాట్లాడకముందే ఆయనకు ఫోన్ చేయాలి. తుఫాను వానలు ఇంకా ముందున్నాయి.