డోసు డబుల్ చేసినా ఎల్‌డీఎల్ 6 పాయింట్లే తగ్గింది – నా అనుభవం

నాకు షుగర్ ఉంది, పైగా సీటీ యాంజియోలో (రక్తనాళాల స్కాన్) ఒక రక్తనాళంలో కొంచెం బ్లాక్ కనబడింది, అందుకని ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు ఉండాల్సిందే అన్నారు డాక్టర్ గారు. నాది అప్పుడు 162. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటైన అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు రాశారు, తర్వాతి టెస్టులో 98. ఇంట్లో అందరం ఖుషీ. ఇంకొంచెమే కదా అని 40కి పెంచితే నేనేమో ఇంకో ముప్పై అన్నా పడిపోద్దని లెక్కేసుకున్నా, రిపోర్ట్ చూస్తే 92!

ల్యాబ్ మీద అనుమానమొచ్చి కాగితం పట్టుకెళ్లి అడిగితే డాక్టర్ మేడమ్ నవ్వేశారు. "స్టాటిన్ అంతేనండీ, డోసు డబుల్ చేసినప్పుడల్లా అదనంగా వచ్చేది సుమారు 6 శాతమే" అన్నారు. 98లో 6 శాతం అంటే సరిగ్గా నాకు తగ్గిందే.

ఎందుకలా అని అడిగా, ఆవిడ ఓపిగ్గా చెప్పారు. లివర్‌లో కొలెస్ట్రాల్ తయారవ్వాలంటే హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి, స్టాటిన్ దాన్ని ఆపుద్ది, దాంతో లివర్‌కి కరువొచ్చి తన మీద ఎల్‌డీఎల్ రిసెప్టర్లు (ఎల్‌డీఎల్‌ని పట్టుకునే కొక్కేల్లాంటివి) పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. ఇదంతా మంచిదే. కానీ తయారీ తగ్గేసరికి పేగు ఊరుకోదు, అటువైపు నుంచి పీల్చుకోవడం పెరుగుద్ది. ఒక ఊట మూస్తే రెండో ఊట పొంగినట్టు. కొంతమందికి పుట్టుకతోనే ఈ పీల్చుకునే గుణం ఎక్కువట, వాళ్లకి స్టాటిన్ ఒక్కటే అంత బాగా పనిచెయ్యకపోవచ్చు.

అప్పుడు ఎజెటిమైబ్ 10 కలిపి రాశారు. ఇది చిన్నపేగు గోడలో ఎన్‌పీసీ1ఎల్1 అనే ప్రోటీన్‌ని అడ్డుకుంటుందంట, కొలెస్ట్రాల్ లోపలికి దూరే దారి అదే. నాకు వెంటనే డౌటొచ్చింది, మేడమ్ నేను గుడ్డు కూడా ముట్టను, మా ఇంట్లో పప్పు, కూర, పెరుగే కదా, పేగులో ఆపడానికి అసలేముంది అని. దానికి ఆవిడ చెప్పింది విని నిజంగా ఆశ్చర్యపోయా. పేగులోకి వచ్చే కొలెస్ట్రాల్‌లో తిండిది తక్కువ, లివర్ పైత్యరసంతో పాటు రోజుకి 1 గ్రాము దాకా తనే పేగులోకి వదులుద్ది, మాంసం తినేవాళ్లకి కూడా తిండి నుంచి వచ్చేది మామూలుగా 300 మిల్లీగ్రాముల చుట్టూనే. మన లివర్ వదిలిందే మళ్లీ వెనక్కి పీల్చుకుంటున్నామన్నమాట! శాకాహారిని కదా నాకెందుకు అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఎవరు ఎక్కువ తయారుచేస్తారు, ఎవరు ఎక్కువ పీల్చుకుంటారు అన్నది రక్తంలోనే తెలుసుకోవచ్చట. లాథోస్టెరాల్ (ఒంట్లో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో మధ్యలో వచ్చే పదార్థం) ఎక్కువుంటే తయారీ ఎక్కువని, కాంపెస్టెరాల్, సైటోస్టెరాల్ ఎక్కువుంటే పీల్చుకోవడం ఎక్కువని లెక్క. ఈ రెండోరకంవి మొక్కల స్టెరాల్స్, అంటే మొక్కల్లో ఉండే కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలు, నూనెల్లో పప్పుల్లో ఉంటాయి, మన ఒంట్లో తయారుకావు కాబట్టి రక్తంలో కనబడ్డాయంటే పేగు దాటి వచ్చినట్టే. స్టాటిన్ వాడితే లాథోస్టెరాల్ తగ్గి కాంపెస్టెరాల్ పెరుగుద్ది, ఎజెటిమైబ్‌కి సరిగ్గా ఉల్టా. మా ఊరి ల్యాబుల్లో ఈ టెస్ట్ దొరకలేదు, మేడమ్ కూడా అవసరం లేదు, మందు వేసి చూస్తే అదే తెలుస్తుంది అన్నారు.

తెలిసింది. తర్వాతి రిపోర్ట్‌లో 69. లివర్ టెస్ట్ ఎస్‌జీపీటీ కూడా నార్మల్‌గానే ఉంది.

ఇంకో మాట అడిగేశా, అయితే స్టాటిన్ మానేసి ఈ చిన్న మాత్ర ఒక్కటే వేసుకోనా అని (మా బావగారి సలహా ఇది, ఆయనకి స్టాటిన్ అంటే భయం). వద్దన్నారు. పేగు దారి మూస్తే ఈసారి లివర్ తయారీ పెంచుద్ది, అందుకే ఎజెటిమైబ్ ఒక్కటే వాడితే ఎల్‌డీఎల్ తగ్గేది 18 శాతం దగ్గరే. 162 మీద అది ఏ మూలకి? ఇప్పుడు రెండూ కలిసిన మాత్రే రాత్రి భోజనం అయ్యాక ఒకటి వేసుకుంటున్నా.