ఎనిమిది మంది శాసనసభలో శివారు పల్లెల చోటు

చంద్రగిరి దగ్గరి మా ఊళ్లో గ్రామసభ జరిగినప్పుడల్లా పంచాయతీ కార్యాలయం ముందున్న కుర్చీల్లో ఊరివాళ్లు కూర్చుంటారు. శివారు పల్లెల నుంచి నడిచి వచ్చినవాళ్లు వేపచెట్టు కింద నిలబడే ఉండి, బోరు సంగతి, వీధిదీపాల సంగతి చెప్పుకొని, పొద్దుగూకక ముందే వెళ్లిపోతారు. ఫాక్‌లాండ్ దీవుల శాసనసభ గురించి చదువుతుంటే నాకు వాళ్లే గుర్తుకొచ్చారు.

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో బ్రిటన్ అధీనంలో ఉన్న ఆ దీవుల జనాభా సుమారు 3,500, అంటే మన లెక్కలో ఒక పెద్ద పంచాయతీ. 2009లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం ప్రకారం అక్కడి సభకు ప్రజలు ఎన్నుకునే సభ్యులు 8 మంది, పదవీకాలం నాలుగేళ్లు. ప్రధాన కార్యనిర్వహణాధికారి, ఆర్థిక శాఖ సంచాలకుడు సభలో కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు లేదు. పార్టీలు లేవు, అందరూ స్వతంత్రులే.

నన్ను ఆలోచింపజేసింది సీట్ల పంపకం. రాజధాని స్టాన్లీకి 5 స్థానాలు, 'క్యాంప్' అని పిలిచే మిగతా ప్రాంతమంతటికీ 3. జనంలో అత్యధికులు స్టాన్లీలోనే ఉంటారు. క్యాంప్‌లో ఉన్నది గొర్రెల పెంపకం మీద బతికే కొద్ది కుటుంబాలే. తలలు లెక్కపెడితే వాళ్లకు అన్ని స్థానాలు రావు. దీవులన్నిటినీ ఒకే నియోజకవర్గం చేద్దామా అని 2011లో జనాభిప్రాయం అడిగితే ఓటర్లు వద్దన్నారు. ఓటు విలువ అందరికీ సమానంగా ఉండాలన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అయినా దూరాన ఉన్నవాడి మాట సభలో వినిపించాలంటే కేవలం తలల లెక్క సరిపోదని నా నమ్మకం.

ఆ జాగ్రత్త సభతో ఆగిపోలేదు. గవర్నర్ అధ్యక్షతన జరిగే కార్యనిర్వాహక మండలికి ఎనిమిది మందీ ఏటా తమలో ముగ్గురిని ఎన్నుకుంటారు. మండలిలో ఓటున్నది ఆ ముగ్గురికే. వాళ్లలో స్టాన్లీ నుంచి ఒకరు, క్యాంప్ నుంచి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. విదేశీ వ్యవహారాలు, రక్షణ వంటి కొన్ని విషయాలు తప్ప మిగతా వాటిలో గవర్నర్ సాధారణంగా ఆ మండలి సలహా ప్రకారమే నడుచుకోవాలి.

మా వార్డు సభ్యులు తమలోంచి ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేటప్పుడు అటువంటి నిబంధన ఏదీ లేదు. క్రితంసారి కూడా ఆ పదవి ప్రధాన గ్రామానికే వెళ్లింది.