ఈస్ట్‌లాండ్ కార్డు కోసం నేను పడ్డ పాట్లు

నిన్న చేతికొచ్చింది. 1915 నాటి అసలు ఫొటో పోస్టుకార్డు! షికాగో నదిలో పక్కకి పడుకున్న ఈస్ట్‌లాండ్ ఓడ, దాని పొట్ట మీద నిలబడ్డ జనం.

ఆఫీసుకి రోజూ నేను దాటే క్లార్క్ స్ట్రీట్ వంతెన పక్కనే జరిగిందీ ప్రమాదం. జూలై 24, శనివారం పొద్దున. వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఉద్యోగులు పిల్లాపాపలతో పిక్నిక్‌కని ఎక్కారు, రెండున్నర వేల మంది. ఇంకా రేవు వదలకముందే ఓడ ఒరిగిపోయింది. 844 మంది పోయారు. ఇరవై రెండు కుటుంబాల్లో ఒక్కరూ మిగల్లేదు.

వేలంలో పాడటం, డబ్బు కట్టడం, పోస్టులో రావడం అంతా వారంలో అయిపోయింది. నా పరువు తీసింది దీనికి ముందు కొన్న కార్డు.

దానికి 140 డాలర్లు పోశాను. పాత కాగితాల సంతలో ఒక ముసలి వ్యాపారికి గొప్పగా చూపించాను. ఆయన బొమ్మ చూడనే లేదు. వెనక్కి తిప్పి, స్టాంపు అంటించే గడిలో ‘ఏజో’ (ఫొటో కాగితం బ్రాండు పేరు) అన్న అక్షరాల పక్కన వేలు పెట్టాడు.

“మూలల్లో ఏమున్నాయి?”

“చిన్న చదరాలు.”

“1915లో అయితే త్రికోణాలుండాలి, నాలుగూ పైకి చూస్తూ. చదరాలు 1925 తర్వాతి కాగితానివి.” చుట్టూ ఉన్న నలుగురికీ వినపడేలా అన్నాడు. “ప్లాస్టిక్ కవరు మాత్రం మంచిది, దాచుకో.”

ఎడ్ల సంతలో పళ్ళు లెక్కపెట్టకుండా మా తాత బేరమే ఎత్తేవాడు కాదు. ఆయన మనవణ్ణి నేను!

అమ్మినవాణ్ణి నిలదీస్తే, “1915 ఫొటో అన్నాను గానీ 1915 కార్డు అన్నానా?” అన్నాడు. పైసా తిరిగివ్వలేదు.

కాబట్టి బొమ్మ ఎంత బాగున్నా వెనకవైపు ఫొటో పంపమని అడగండి. పంపనంటే వదిలెయ్యండి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది అచ్చేసింది, ఫొటో కాదు. అతినీలలోహిత (యూవీ) టార్చి కింద కాగితం నీలంగా మెరిస్తే 1950ల తర్వాతిదని అనుమానించండి. నేనైతే మా ఆవిడ నవ్వుతున్నా సరే, లైట్లన్నీ ఆర్పి చూస్తాను. ఆ ముసలాయన దగ్గర మాత్రం కొనకండి, తెలివికి కూడా ధర కడతాడు.

శవాలను వరసగా పడుకోబెట్టిన కార్డులూ అమ్మకానికొస్తాయి. ఎంత అరుదైనవైనా నేను ముట్టను. వాళ్ళూ ఎవరి పిల్లలో కదా.

నిన్న కవరు విప్పగానే ముందు వెనకవైపే చూశాను. నాలుగు త్రికోణాలు, నాలుగూ పైకే. వచ్చే నెల సంతకి తీసుకెళ్తున్నాను, ఆయన మెచ్చిన ఆ ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి.