లెక్కల టీచరు, మూడు పేర్లు, ఒక వీసా: నా అనుభవం

గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. బయటి దేశం వెళ్దామన్న ఆలోచన 2023 వేసవి సెలవుల్లో గట్టిపడింది. కారణం పెద్దదేమీ కాదు, జీతం. పాప ఫీజు, బ్రాడీపేటలో ఇంటి అద్దె పోగా నెలాఖరుకు మిగిలేది చూసుకుంటే ఎవరికైనా విమానం గుర్తొస్తుంది.

మొదట వెళ్లింది విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీకి. ఏసీ గది, బల్ల మీద బొమ్మ విమానం. అక్కడి అతను నా ఫైలు తెరిచి కూడా చూడలేదు. "యూకే టీచర్ జాబ్, స్పాన్సర్‌షిప్‌తో కలిపి ఎనిమిది లక్షలు మేడమ్, సగం ముందు కట్టేయండి" అన్నాడు. మా ఆయన బస్సులోనే బంగారం లెక్కలు మొదలుపెట్టారు. ఆ రాత్రి విదేశీ ఉద్యోగాల కోసం మన కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా వెతికాను. అతని ఆఫీసు లేదు. పైగా రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీస్ చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే "మాది సలహా ఇవ్వడం వరకే మేడమ్" అని మాట మార్చాడు. ఇక నేనే చూసుకుందామనుకున్నాను.

దుబాయ్ సులువే. స్కూలు ఉద్యోగం ఇస్తే వీసా వాళ్లే తీస్తారు. డిగ్రీ మీద మన రాష్ట్ర ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, వాళ్ల ఎంబసీ ముద్ర పడాలి. కానీ నాకు వచ్చిన ఆఫర్‌లో జీతం చూసి ఉత్సాహం చల్లారింది. అమెరికాలో బయటి టీచర్లకు ఇచ్చే జే-1 వీసాకు రెండేళ్ల అనుభవం చాలు, కానీ అది మూడేళ్లకు, మహా అయితే ఐదేళ్లకు. ఆ తర్వాత తిరిగి రావాల్సిందే.

మనసు పడింది ఆస్ట్రేలియా మీద. అక్కడ వీసా కంటే ముందు ఏఐటీఎస్ఎల్ అనే సంస్థ మన టీచర్ చదువును అంచనా వేస్తుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో చదవడం, రాయడం 7, వినడం, మాట్లాడడం 8 రావాలి. అదెలాగో కుస్తీ పడదామనుకున్నాను. కానీ కనీసం 45 రోజుల టీచింగ్ ప్రాక్టీస్ చూపించాలి. నాది 2012 నాటి ఏడాది బీఈడీ. అటక మీంచి రికార్డు దించి చూస్తే 40 రోజులు! పదకొండేళ్లు క్లాసులు చెప్పినా ఆ ఐదు రోజులకు జమ కావట.

అప్పుడు ఇంగ్లండ్ వైపు తిరిగాను. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో శిక్షణ పొందిన టీచర్లు కూడా అక్కడి టీచరు గుర్తింపు అయిన క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్‌కు, పొట్టిగా క్యూటీఎస్‌కు, నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషల్లో ఏదో ఒకటి చెప్పే అర్హత ఉండాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. అయితే క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన వీసా రాదు. బయటి దేశాల వాళ్లను వీసా మీద పిలిపించుకునే స్పాన్సర్ లైసెన్సు ఉన్న స్కూలు ఉద్యోగం ఇవ్వాలి. ఆ లైసెన్సుల జాబితా బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

తల ప్రాణం తోకకు వచ్చింది పేరు దగ్గర. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. బీఈడీ మెమోలో "కె." అన్న ఒక్క అక్షరం. పెళ్లయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరు. క్యూటీఎస్ ఇచ్చేవాళ్ల లెక్కలో నేను ఒక్కదాన్ని కాదు, ముగ్గురు మనుషులు. ట్రాన్‌స్క్రిప్టుల కోసం నాగార్జున యూనివర్సిటీకి, అఫిడవిట్ కోసం కోర్టు దగ్గర నోటరీకి చెప్పులు అరిగేలా తిరిగాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "ఈ ముగ్గురూ నేనే" అని సంతకం పెడుతుంటే నవ్వొచ్చింది కూడా. పాత స్కూలు ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి కూడా వెళ్లాల్సి వచ్చింది. నా గురించి అడుగుతూ ఇంగ్లండ్ నుంచి ఆయనకు వచ్చిన మెయిల్ స్పామ్‌లో మూడు వారాలు పడి ఉంది.

క్యూటీఎస్ వచ్చాక అక్కడి స్కూలుతో మొదటి ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడున్నరకు, అక్కడ ఉదయం పదకొండు. భిన్నాలు బాగానే చెప్పాను. తర్వాత ఒకామె అడిగారు: "ఒక పిల్లాడి చేతిమీద దెబ్బ కనిపించింది. ఎవరికీ చెప్పొద్దు మిస్ అన్నాడు. ఏం చేస్తారు?" ఇక్కడ చేసేదే చెప్పాను: వాళ్లమ్మకు ఫోన్ చేస్తాను, పిల్లాడికి ఇచ్చిన మాట నిలబెట్టుకుంటాను. ఆమె ఏదో రాసుకున్నారు. ఉద్యోగం రాలేదు. ఎందుకో తర్వాత చదివితే తెలిసింది. రహస్యంగా ఉంచుతానని పిల్లలకు మాటే ఇవ్వకూడదు. ఇంటికి ఫోన్ చేయకూడదు, దెబ్బ అక్కడే తగిలి ఉండొచ్చు కదా. పిల్లల రక్షణ చూసే బాధ్యులు ప్రతి స్కూల్లో ఒకరుంటారు, వెంటనే వాళ్లకే చెప్పాలి. ఇన్నేళ్లలో నేను ఫోన్ చేసిన తల్లిదండ్రులు ఒక్కొక్కరే గుర్తొచ్చి ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మూడో ఇంటర్వ్యూలో అదే ప్రశ్న వచ్చింది. ఆ ఉద్యోగం వచ్చింది.

ఇక డబ్బు. బ్యాంకులో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు తగ్గకుండా ఉండాలి. పందొమ్మిదో రోజున మా ఆయన మేనకోడలి పెళ్లికని ఇరవై వేలు తీశారు. మళ్లీ ఒకటి నుంచి లెక్క! అక్కడి ప్రభుత్వ వైద్యానికని వీసాతో పాటు కట్టే హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు, మూడేళ్లదీ ఒకేసారి కట్టాలి. మూడు లక్షల పైచిలుకు, వీసా ఫీజు వేరే. నా గాజులు దానికే వెళ్లాయి. టీచర్లకు పోలీస్ క్లియరెన్స్ తప్పనిసరి, అది విజయవాడ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో 500 రూపాయలతో అయిపోయింది. టీబీ పరీక్షకు, వేలిముద్రలకు హైదరాబాద్ రెండుసార్లు వెళ్లొచ్చాను.

వీసా వచ్చిన వారానికి అక్కడి స్కూలు నుంచి మెయిల్. టైమ్ టేబుల్‌లో వేయాలి, పిల్లలు మిమ్మల్ని ఏమని పిలవాలి అని. అక్కడ టీచర్లను ఇంటిపేరుతో పిలుస్తారట. పాస్‌పోర్టులోది రాయబోతే పాప పకపకా నవ్వింది. "మిసెస్ అంటూ మన ఇంటిపేరు పెడితే నాన్నమ్మని పిలిచినట్టుందమ్మా!" అంది. అది వాళ్లకు నోరు తిరగదులే అన్నారు మా ఆయన. ఫైలు తీసి మూడు పేర్లూ మరోసారి చూసుకున్నాను. చివరికి బీఈడీ మెమోలో ఉన్న ఆ ఒక్క అక్షరమే రాసి పంపాను, మిసెస్ కె. అని.