చమురు ధర - సైనిక వ్యయం: మెయిన్స్ ఆన్సర్‌లో మార్కులు పోయేదెక్కడ?

"చమురు ధర పెరిగితే సైనిక వ్యయం పెరుగుతుంది, పడితే తగ్గుతుంది." సివిల్స్ మెయిన్స్ జీఎస్-2 (జనరల్ స్టడీస్ రెండో పేపర్)లో చమురు అమ్ముకునే దేశాల గురించి ఈ టాపిక్ వస్తే చాలామంది ఈ ఒక్క వాక్యాన్నే పేజీకి సాగదీస్తారు. మార్కులు పోయేది అక్కడే. ధరకీ ఖర్చుకీ మధ్య ఏడాది, రెండేళ్ల ఆలస్యం ఉంటుంది. అది ఎందుకో రాయగలగాలి.

దానికి 2014-17 కాలం ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలు. బ్రెంట్ (ప్రపంచ ధరకి కొలమానంగా వాడే ముడి చమురు) బ్యారెల్ 2014 జూన్‌లో 115 డాలర్ల దాకా వెళ్లి, 2016 జనవరికి 30 లోపుకి జారింది. అయినా 2015లో సౌదీ సైనిక ఖర్చు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆ మార్చిలోనే యెమెన్ యుద్ధంలోకి దిగింది, ఖర్చుకి పాత డబ్బు నిల్వలున్నాయి. సిప్రి (ప్రపంచ సైనిక వ్యయాన్ని లెక్కగట్టే స్టాక్‌హోమ్ పరిశోధన సంస్థ) లెక్కల్లో దాదాపు 30 శాతం కోత 2016లో కనిపిస్తుంది. రష్యాలో 20 శాతం తగ్గుదల 2017లో గానీ రాలేదు. 2016లో రష్యా అంకె పెరగడం చూసి మోసపోవద్దు: ఆయుధ కంపెనీల పాత అప్పుల్ని ప్రభుత్వం ఒక్కసారిగా తీర్చింది, అంతే.

ఈ తేడాకి ఒక కారణం కరెన్సీ. రియాల్ 1986 నుంచి డాలరుకి 3.75 దగ్గర కట్టేసి ఉంది, పైగా సౌదీ ఆయుధాలు ఎక్కువగా దిగుమతే. కాబట్టి దెబ్బ నేరుగా తగులుతుంది. రష్యా 2014 నవంబరులో రూబుల్‌ని మార్కెట్‌కి వదిలేసింది. రూబుల్ విలువ కూడా పడింది కాబట్టి, డాలర్లలో ధర సగమైనా రూబుళ్లలో రాబడి అంతగా పడలేదు. జీతాలు, స్వదేశీ ఆయుధాల బిల్లులు రూబుళ్లలోనే కదా.

జీడీపీ శాతంతో జాగ్రత్త. ధర పడితే జీడీపీ కూడా కుంగుతుంది, దాంతో ఒక్క రియాల్ అదనంగా పెట్టకపోయినా శాతం పెరుగుతుంది. స్థిర ధరల్లో (ద్రవ్యోల్బణం తీసేసి) ఖర్చు ఎంతో పక్కనే రాయండి. బడ్జెట్‌లో కనిపించని కొనుగోళ్లూ ఉంటాయి: 1985 నాటి అల్ యమామా ఒప్పందంలో సౌదీ ముడి చమురే ఇచ్చి బ్రిటన్ నుంచి టోర్నడో యుద్ధ విమానాలు తీసుకుంది.

ఎదురు ఉదాహరణకి నార్వే. చమురు డబ్బు ప్రభుత్వ పొదుపు ఫండ్‌లోకి వెళ్తుంది, అందులో ఏటా సుమారు 3 శాతమే బడ్జెట్‌కి. ధర కుదుపు రక్షణశాఖ దాకా రాదు.

పెరుగుదలకి అల్జీరియా: యూరప్‌కి గ్యాస్ అమ్మకాల రాబడితో 2023లో ఖర్చు 76 శాతం పెరిగి 18.3 బిలియన్ డాలర్లైంది. సిప్రి పాత ఏళ్ల అంకెల్నీ సవరిస్తుంటుంది, అందుకే 'దాదాపు' అని రాయడమే క్షేమం.